దుప్పటికి రెండో కొస

ఆరబెట్టే యంత్రం తలుపు తెరిచేటప్పుడు ఆమె మొహం పక్కకి తిప్పుకుంటుంది. లోపలి వేడి గుప్పున మీద పడి కళ్ళజోడు మసకబారిపోతుంది. ఆ కాసేపూ చూపు లేకుండానే చేతులు లోపలికి చాచి, మెలికలు పడి పెనవేసుకున్న దుప్పట్లని ఒక్క మోపుగా గుండెలకి ఆనించుకుని బల్ల మీదికి దింపుతుంది. దింపాక కూడా ఒక క్షణం వాటి మీద చేతులు అలాగే ఉంచుతుంది. ఎన్నేళ్ళయినా ఆ వెచ్చదనం ఆమెకి పాతబడలేదు. పొద్దున మూటల్లో వచ్చినప్పుడు వాటి మీద నెత్తురుంటుంది, వాంతులుంటాయి, ఎవరి చెమటో ఎవరి కన్నీళ్ళో ఉంటాయి. మధ్యాహ్నానికి అవే దుప్పట్లు ఏమీ ఎరగనట్టు తెల్లగా చేతుల్లోకి వస్తాయి. ఎంత సబ్బు పడుతుందో, నీళ్ళు ఎంత కాగాలో ఆమెకి తెలుసు. తెలిసినా ప్రతిసారీ ఆశ్చర్యమే.

ఆసుపత్రి కింద నేలమాళిగలో ఉన్న ఆ గదికి కిటికీలు లేవు. పైకప్పు నిండా గొట్టాలు. యంత్రాల రొదలో మాట వినపడదు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళు కనుబొమలతోనే సగం సంగతులు చెప్పుకుంటారు. ఆమె అరవై దాటిన మనిషి. పొట్టి. బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి తెల్లగా పొట్టు లేచి ఉంటుంది. నడుస్తుంటే ఎడమ కాలు కాస్త వెనకబడుతుంది, పిలిస్తే గొణుక్కుంటూ వచ్చే పిల్లాడిలా.

మనవాళ్ళందరూ ఆమెని దుప్పట్లక్క అంటారు. మనవాళ్ళంటే ఆ నగరంలో మన భాష మాట్లాడేవాళ్ళు. రైలు పట్టాలకి అవతల కొన్ని వీధుల్లో ఒక్కచోటే ఉంటారు, ఒకరింట్లో తుమ్మితే ఇంకొకరింట్లోంచి చిరంజీవ అనేంత దగ్గరగా. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి, కొన్నేళ్ళ క్రితం పోయాడు. పిల్లలు లేరు. పెళ్ళిళ్ళకి పిలిస్తే వెళుతుంది, ఒక మూల కూర్చుని పెట్టింది తిని వస్తుంది. ఆమె గురించి చెప్పమంటే ఎవరైనా ఒక్క ముక్కే చెబుతారు: "పాపం, మంచిది." అంతకు మించి ఎవరికీ ఏమీ తెలీదు. తెలుసుకోవలసినది ఉందని కూడా ఎవరికీ తోచలేదు.

గోడకి ఉన్న ఫోను మోగింది. ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసే మనిషి తీసి, విని, ఆమె వైపు చూసి వేలు పైకి చూపించాడు. అతను ఆ దేశపు వాడే. ఆమె భాష అతనికి రాదు, అతని భాష ఆమెకి పనికి సరిపడా వచ్చు. ఇద్దరూ విరామంలో పక్క గదిలో కూర్చుని ఒకే రేడియో వింటూ ముసలివాళ్ళయ్యారు.

పై అంతస్తు పెద్ద నర్సు ఫోనది. "దుప్పట్లు కావాలి," అంటుంది, అంతే. దుప్పట్లు ఎప్పుడూ బండి మీదే వెళతాయి, ఎవరూ ఫోను చేసి అడగక్కర్లేదు. పెద్ద నర్సు స్వయంగా అడిగిందంటే పైకి మనవాళ్ళెవరో వచ్చారని అర్థం. ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

మనవాళ్ళలో "పై అంతస్తు" అనే మాట మెల్లగానే అంటారు. మనసు చెదిరినవాళ్ళని చేర్చుకునే వార్డది. అక్కడికి వెళ్ళినట్టు తెలిస్తే ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లని చేసుకోరు. కాబట్టి ఎవరూ వెళ్ళరు. వెళ్ళినా వెళ్ళలేదనే అంటారు. చేతిలో దుప్పట్లు పట్టుకున్న ముసలామె మాత్రం ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఎవరూ ఎందుకని అడగరు.

ఆమె బల్ల మీంచి వెచ్చటి దుప్పట్లు రెండు తీసుకుని లిఫ్టెక్కింది.

వార్డు బయట బెంచీ మీద కూర్చున్నావిడని చూడగానే దుప్పట్లక్క అడుగు తడబడింది. ఆవిడ కొట్టు నడిపే పెద్దావిడ. మన వీధుల్లో బియ్యం, పప్పు, మాట అన్నీ ఆ కొట్లోనే దొరుకుతాయి. ఉప్పు పొట్లం కొంటే ఊరి వార్తలు కొసరు. పక్కనే ఆవిడ కొడుకు, గిడ్డంగిలో సరుకులెత్తే కుర్రాడు, నెల కూడా నిండని పసివాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాడి కళ్ళు నిద్ర లేక ఉబ్బి ఉన్నాయి.

"నువ్వేంటి వదినా ఇక్కడ?" కొట్టు పెద్దావిడ గబుక్కున లేచింది.

"దుప్పట్లు మార్చాలి వదినా."

"మా కోడలికి కడుపునొప్పి. కింద మంచాలు ఖాళీ లేవని ఇక్కడ పడేశారు. ఇప్పుడే తీసుకెళ్ళిపోతున్నాం."

"అలాగా," అంది దుప్పట్లక్క. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఆమెతో నిజం చెప్పిన రోజు లేదు. ఒకాయన కళ్ళడాక్టరు కోసం వచ్చానన్నాడు. ఇంకొకాయన లిఫ్టు తనంతట తనే ఇక్కడ ఆగిందన్నాడు. ఆమె ఎవరినీ కాదనలేదు.

లోపల డాక్టరమ్మ తలుపు పక్కనే నిలబడి ఉంది. పొడుగ్గా, సన్నగా, ఒంటికాలి మీద బరువు వేసి నిలబడే అలసిపోయిన మనిషి. దుప్పట్లక్కని చూసి ఆమె భుజాలు కాస్త కిందికి దిగాయి.

"మీ భాష తెలిసిన మనిషిని ఫోన్లో పిలిపించాం," అంది నెమ్మదిగా, ఒక్కో మాటా అర్థమయ్యేలా. "ఆ డబ్బాలోంచి గొంతు వినగానే మంచం కిందికి దూరిపోయింది. ఎప్పుడూ చెవిలో గొంతులు వినిపించే పిల్ల. నేనే ఆలోచించాల్సింది. నిన్నటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇలాగే ఉంటే పట్టుకుని సూది వెయ్యాలి, అది నాకిష్టం లేదు. వాళ్ళేమో ఇంటికి తీసుకెళతామంటున్నారు. తీసుకెళితే ఆ పిల్ల బతకదేమోనని నా భయం."

దుప్పట్లక్క తలూపి లోపలికి వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంచింది.

కోడలు పిల్ల మంచానికీ గోడకీ మధ్య సందులో గొంతుక్కూర్చుని ఉంది. పాతికేళ్ళు కూడా ఉండవు. జుట్టు ఉండలు కట్టింది. పాలు కారి జాకెట్టు తడిసి, ఆరి, మళ్ళీ తడిసింది. రెండు అరచేతులూ చెవుల మీద బిగించి ఉంచింది.

దుప్పట్లక్క ఆ పిల్ల వైపు చూడలేదు. మంచం మీద ముడతలు పడ్డ దుప్పటి తీసింది. కొత్తది విప్పి గాలిలోకి విదిలించింది. తెల్లటి గుడ్డ పైకి లేచి, గాలి పోసుకుని, మెల్లగా దిగింది. ఒక కొస పిల్ల మోకాళ్ళ మీద పడింది.

"ఆ కొస కాస్త పట్టుకుంటావా తల్లీ? పొట్టిదాన్ని. నాకు అందదు."

పిల్ల కదల్లేదు. దుప్పట్లక్కకి తొందర లేదు. తన కొస పట్టుకుని అలాగే నిలబడింది. బయట పసివాడు ఏడ్చి, ఊరుకున్నాడు. చాలాసేపటికి చెవి మీంచి ఒక చెయ్యి కిందికి దిగి, వెచ్చగా ఉన్న ఆ గుడ్డని తాకి, అక్కడే ఆగింది. తర్వాత రెండో చెయ్యి.

దుప్పటి పరచకుండా ఇద్దరూ మడత పెట్టారు. దుప్పటి మడవాలంటే ఇద్దరు మనుషులు ఒకరివైపొకరు నడవాలి. కొసలు కలిసిన చోట పగిలిన వేళ్ళూ, లేత వేళ్ళూ ఒకదాన్నొకటి తాకాయి. ముసలామె వెనక్కి నడిచింది. మళ్ళీ దగ్గరికి వచ్చింది. మడత పూర్తయ్యాక దాన్ని విప్పేసి, "ఇంకోసారి," అంది. అలా ఎన్నిసార్లు మడిచారో, ఎన్నిసార్లు విప్పారో.

"పిన్నీ," అంది పిల్ల ఉన్నట్టుండి. గొంతు ఎండి బొంగురుపోయింది. "మీకు వినిపించట్లేదా?"

"లేదమ్మా, నాకు వినిపించట్లేదు. నీకు వినిపిస్తోందని మాత్రం తెలుస్తోంది."

పిల్ల మొదటిసారి తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. "నా పాలల్లో విషం ఉందంటోంది. తాగితే బాబు చచ్చిపోతాడంటోంది. నన్ను కూడా ఏమీ తాగొద్దంటోంది. ఇందాక ఆ డబ్బాలోంచి కూడా మాట్లాడింది పిన్నీ, మన మాటలే!"

"డబ్బాలో మాట్లాడింది మనిషేనమ్మా. డాక్టరమ్మ మాటలు నీకు మన భాషలో చెబుదామని. అయినా ఇన్ని గొంతులు చాలక ఇంకో గొంతా!"

పిల్ల పెదవి కొస కొంచెం కదిలింది. నవ్వు కాదు గానీ, నవ్వు ఉండే చోటు.

"నాకూ ఒకప్పుడు వినిపించేది," అంది దుప్పట్లక్క మడత సవరిస్తూ. "ఈ వార్డులోనే ఉన్నాను. అదిగో, ఆ కిటికీ పక్క మంచం."

"ఏమనేది?"

"నీళ్ళు తాగొద్దనేది."

"మరి తాగలేదా?"

"చాన్నాళ్ళు తాగలేదు. తర్వాత తాగాను."

"తాగితే ఏమైంది?"

"దాహం తీరింది."

తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ఓరగా ఉన్న సందులోంచి కొట్టు పెద్దావిడ చీర అంచు కనిపించింది.

ఆ మాట దుప్పట్లక్క ఈ గదుల్లో పడుకున్నవాళ్ళకి చాలామందికి చెప్పింది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

పెళ్ళయి ఈ నగరానికి వచ్చిన కొత్తలో ఆమెకి ఇరుగుపొరుగుల భాష ఒక్క ముక్క తెలీదు. భర్త పొద్దున వెళితే చీకటి పడ్డాకే వచ్చేవాడు. పగలంతా ఆమెతో మాట్లాడేది పైన తిరిగే ఫ్యాను ఒక్కటే. మొదట్లో అది మామూలుగా తిరిగేది. ఒకరోజు ఆమె పేరు పిలిచింది. పిలిచింది మన భాషలో కాబట్టి, సిగ్గు విడిచి చెప్పాలంటే, ముందు ఆమెకి సంతోషమే కలిగింది. భయం తర్వాత వచ్చింది. భర్త ఆమెని ఇక్కడ చేర్పించి, వీధిలో అందరికీ ఆమె తల్లికి జబ్బు చేస్తే ఊరెళ్ళిందని చెప్పాడు. రోజూ డిపో నుంచి గ్రీజు మరకలతోనే వచ్చి, ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని, ఏం మాట్లాడాలో తెలీక అలాగే కూర్చునేవాడు.

వార్డులో ఎవరి మాటా ఆమెకి అర్థం కాలేదు. దుప్పట్లు మార్చడానికి ఒక పనిమనిషి వచ్చేది. ఆవిడది ఇంకేదో దేశం, ఇంకేదో భాష. ఒకరోజు ఆవిడ దుప్పటి కొస ఒకటి ఈమె చేతిలో పెట్టి, రెండోది తను పట్టుకుని నిలబడింది. ఒక్క మాట లేదు. ఆ తర్వాత ఎప్పుడో ఒక ఉదయం ఈమె గ్లాసెత్తి నీళ్ళు తాగింది. ఆ నీళ్ళు గొంతులోంచి దిగి, రొమ్ము వెనకగా, పొట్టలోకి చల్లగా జారుతున్న దారంతా ఆమెకి తెలిసింది. మనిషన్నవాడు అంత దూరం వెళ్ళిపోయి కూడా వెనక్కి రాగలడా అని అప్పుడు కలిగిన విస్మయం ఈనాటికీ తగ్గలేదు. ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకే ఇదే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని అడిగి చేరింది. అప్పటికి ఆ పరాయి దేశపావిడ వెళ్ళిపోయింది. ఆమె పేరేమిటో కూడా తెలీదు.

దుప్పట్లక్క గదిలోంచి బయటికి రాగానే కొట్టు పెద్దావిడ ఆమె మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగింది.

"అబద్ధమేగా?" అంది గుసగుసగా. "పిల్లని ఊరుకోబెట్టడానికే కదా అలా అన్నావు?"

అవునంటే సరిపోయేది. ఇన్నేళ్ళు కాపాడుకున్నది అలాగే ఉండిపోయేది. దుప్పట్లక్క చేతిలోని మాసిన దుప్పటి వైపు చూసింది, తలుపు వైపు చూసింది.

"నిజమే వదినా."

"ఎప్పుడు?"

"మా అమ్మకి జబ్బని నేను ఊరెళ్ళినప్పుడు."

"మీ అమ్మ పంపిందని నాకు చెక్క దువ్వెన తెచ్చిచ్చావు!"

"మీ అన్నయ్య పక్క ఊళ్ళో కొన్నాడు."

"వరదొచ్చి మీ ఊరి వంతెన కొట్టుకుపోయిందన్నావు. కళ్ళకి కట్టినట్టు చెప్పావు. నేను ఏడ్చాను కూడానూ!"

"వంతెనకేం కాలేదు వదినా. నిక్షేపంలా ఉంది."

కొట్టు పెద్దావిడకి నవ్వొచ్చింది. ఆ చోట, ఆ సమయంలో నవ్వు రావడం ఆవిడకే వింతగా ఉండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసేసరికి కళ్ళ నిండా నీళ్ళు.

"ఇన్నేళ్ళూ నా కొట్లో సరుకులు కట్టించుకున్నావు. పెళ్ళిళ్ళలో నా పక్కనే కూర్చుని తిన్నావు. నాకెప్పుడూ తేడా కనిపించలేదే!"

"తేడా ఏం లేదు వదినా. ఉంటేగా కనిపించడానికి."

డాక్టరమ్మ వచ్చి నిలబడింది. ఆమె మాటల్ని దుప్పట్లక్క మన భాషలోకి మార్చి చెప్పింది. ఆ పని ఎప్పుడూ ఆమెకి కష్టమే. ఇలాంటి జబ్బుకి మనకి ఉన్నది ఒకే ఒక్క మాట, అదేమో అల్లరి చేసే పిల్లల్ని తిట్టడానికి వాడేస్తాం. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ రానివ్వదు.

"ప్రసవమయ్యాక కొందరు తల్లులకి వస్తుందిట. మందుకి లొంగుతుందిట. దీనికో పేరు కూడా ఉంది వదినా. పేరుందంటే ఇదివరకు చాలామందికి వచ్చి పోయిందనే కదా."

"మా చిన్నదానికి సంబంధాలు చూస్తున్నాం," అంది కొట్టు పెద్దావిడ. గొంతులో అధికారం పోయింది, భయం ఒక్కటే మిగిలింది. "ఊళ్ళో తెలిస్తే?"

"నీ కొట్లోంచి బయటికి పోకపోతే ఇంకెక్కణ్ణించి పోతుంది వదినా? మరీ ఉండబట్టకపోతే నా సంగతి చెప్పుకో. ముసలిదాన్ని, నాకెవరూ సంబంధాలు చూడక్కర్లేదు."

కొట్టు పెద్దావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొడుకు దగ్గరికి వెళ్ళింది. ఏమందో వినపడలేదు. వాడు పసివాడి తల మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని తలూపాడు. అప్పుడావిడ చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది.

కోడలు లేచి నిలబడి ఉంది. అత్తని చూసి వెనక్కి తగ్గింది. కొట్టు పెద్దావిడ ఆమెని ఏమీ అడగలేదు. బల్ల మీద ఉన్న గ్లాసు తీసి, సగం నీళ్ళు తను తాగి, మిగతాది ముందుకి చాపింది.

"తాగమ్మా," అంది. "నేనూ తాగాను కదా."

పిల్ల గ్లాసు వైపు చూసింది. తల ఒక పక్కకి వంచి ఏదో విన్నట్టు ఆగింది. గుమ్మంలో నిలబడ్డ ముసలామె వైపు చూసింది. దుప్పట్లక్క తలూపలేదు, తాగమనలేదు. చూస్తూ నిలబడింది, సూర్యోదయం చూడ్డానికి కొండెక్కినవాళ్ళలా. ఎన్నోసార్లు చూసింది. ప్రతిసారీ రాదేమో అనే అనిపిస్తుంది.

పిల్ల గ్లాసందుకుని నీళ్ళు తాగింది.

దుప్పట్లక్క కిందికి వచ్చేసరికి ఆమె మడవాల్సినవి ఇస్త్రీ మనిషి సగం మడిచేశాడు. ఎప్పటిలాగే వంకరగా మడిచాడు. ఆమె అవన్నీ విప్పి సరిచేసింది. అతను కనుబొమలెగరేశాడు. ఆమె బొటనవేలు పైకి చూపించింది. సాయంత్రం షిఫ్టువాళ్ళు వచ్చేశారు. బస్సుకి ఇంకా వేళ కాలేదని ఆమె పక్క గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. బూట్లు వదులు చేసుకుని గోడకి తల ఆనించింది.

ఇస్త్రీ మనిషి చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఉంది. అరచేతులు ఒళ్ళో ఒకదానిమీదొకటి పెట్టుకుంది. నిద్ర చెడుతుందని అతను రేడియో గొంతు తగ్గించాడు. తర్వాత పూర్తిగా కట్టేశాడు. బస్సు వేళకి లేపుదామని భుజం మీద చెయ్యి వేశాక గానీ ఆమె పోయిందని అతనికి తెలియలేదు.

ఆమెని సాగనంపే రోజున మన వీధుల చివరి సమావేశపు హాల్లో కుర్చీలు చాలవు అని ఎవరూ అనుకోలేదు. బంధువులు లేని మనిషి, ఎవరొస్తారు? కొట్టు పెద్దావిడ జ్వరంలో కూడా కట్టెయ్యని కొట్టు ఆ రోజు కట్టేసి వచ్చింది. కొడుకు పసివాణ్ణెత్తుకుని వచ్చాడు. కోడలు ఇంకా ఆసుపత్రిలోనే ఉంది, తింటోంది, నిద్రపోతోంది. అప్పుడప్పుడూ గొంతు వినిపిస్తోందని తనే డాక్టరమ్మకి చెబుతోంది.

జనం వస్తూనే ఉన్నారు. దర్జీ వచ్చాడు. టాక్సీ నడిపే అన్నదమ్ములొచ్చారు. పిల్లలకి లెక్కలు చెప్పే మాష్టారు, ఆనాడు బెంచీ మీద కళ్ళడాక్టరు కోసమని చెప్పుకున్నాయనే, భార్యతో సహా వచ్చాడు. పెళ్ళిళ్ళకి వంట చేసే లావుపాటావిడ గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టింది. వాళ్ళంతా ఒకరినొకరు చూసుకుని తడబడ్డారు. తనకి తప్ప ఈమెతో ఎవరికీ అంత దగ్గరితనం లేదనే ప్రతివాళ్ళూ అనుకున్నారు. మరి వీళ్ళంతా ఎందుకొచ్చినట్టు?

కొట్టు పెద్దావిడ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది. ఊరందరి సంగతులూ చెప్పిన ఆవిడ తన ఇంటి సంగతి చెప్పడం అంతకుముందు ఎవరూ వినలేదు.

"మా కోడలు పై అంతస్తులో ఉంది," అంది. "కడుపునొప్పి కాదు."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. లెక్కల మాష్టారు లేచాడు.

"నేనూ ఉన్నాను," అన్నాడు. "చాలా రోజులు. ఆవిడ దుప్పటి పట్టుకొచ్చింది."

"నాకూ," అంది వంటావిడ.

"మా తమ్ముడికి," అన్నాడు టాక్సీ నడిపే అన్న. తమ్ముడు అన్న చెయ్యి పట్టుకుని, "నేనే చెబుతాను," అని లేచాడు.

ఒకరి తర్వాత ఒకరు లేచారు. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోలేదు. పక్కపక్క ఇళ్ళలో ఉంటూ, ఒకే గోడకి చెరోవైపు పడుకుని, నాకొక్కడికే అనుకున్నవాళ్ళు. ఒకే మనిషి ఇందరి దగ్గరికి నడిచి వచ్చి, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియనివ్వకుండా వెళ్ళిపోయింది. ఆమెని వాళ్ళెవరూ సరిగ్గా చూడనేలేదు. ఇప్పుడు చూడబోతే హాలు నిండా ఆమే ఉంది. కొట్టు పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, లేచి నిలబడ్డ తన ఊరిని అలా చూస్తూ ఉండిపోయింది.

ఇస్త్రీ మనిషి వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. ఒక్క మాట అర్థం కాలేదు, అయినా టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. అక్కణ్ణించి నేరుగా పనికి వెళ్ళాడు. పక్క గదిలో దీపం వేశాడు.

తలుపు వెనక కొక్కేనికి ఆమె ఊదారంగు స్వెట్టరు వేలాడుతోంది, పొట్టి చేతులకి సరిపోయేలా మణికట్ల దగ్గర రెండు మడతలు వేసి, మోచేతుల దగ్గర కొంచెం వంగి.